మీ కంప్యూటర్‌కి చిరునామాలు రెండు

"మీ ఐపీ అడ్రస్ ఎంత?" అని ఎవరైనా అడిగితే, "లోపలిదా, బయటిదా?" అని ఎదురు ప్రశ్న వేయాలి. ఈ రెండింటినీ కలిపేసుకుని, ఇంట్లో పెట్టుకున్న సర్వర్ ఇండియాలో ఉన్న అన్నయ్యకి ఎందుకు కనిపించడంలేదో తెలియక తల పట్టుకునేవాళ్ళు మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో కూడా ఉన్నారు. ఈసారి ఆ సంగతి చూద్దాం.

లోపలి చిరునామా

విండోస్‌లో స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి, వచ్చిన నల్ల తెర మీద ఐపీకాన్ఫిగ్ అని టైప్ చేయండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరసలో 192.168.1.5 లాంటిది కనిపిస్తుంది. మాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గర దొరుకుతుంది. ఒకవేళ అది 169.254తో మొదలైతే, రౌటర్ నుంచి మీకు చిరునామా అందలేదని అర్థం. ముందు వైఫై చూసుకోండి.

ఇది ఫ్లాట్ నంబర్ లాంటిది. 302 అని మాత్రం రాస్తే ఉత్తరం చేరదు. 302 అమీర్‌పేటలోనూ ఉంటుంది, ఎడిసన్‌లోనూ ఉంటుంది. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రకారం 10తో, 192.168తో, 172.16 నుంచి 172.31 వరకూ ఉన్నవాటితో మొదలయ్యే చిరునామాలు ఇళ్ళల్లో, ఆఫీసుల్లో లోపలి వాడకానికే. ఇంటర్‌నెట్‌లో అవి చెల్లవు.

బయటి చిరునామా

బ్రౌజర్‌లో వాట్ ఈజ్ మై ఐపీ అని వెతకండి. వచ్చేది మీ రౌటర్ బయటికి చూపించే చిరునామా. ఇంట్లో ఉన్న పది పరికరాలూ సాధారణంగా ఆ ఒక్కదాన్నే పంచుకుంటాయి. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉంటే మీది కాక ఆఫీసుది కనిపించవచ్చు.

ఎందుకీ పొదుపు? 1981లో ఐపీవీ4ని 32 బిట్లతో తయారుచేశారు. అంటే మొత్తం సుమారు 430 కోట్ల చిరునామాలు. అమెరికాలో వీటిని పంచే ఆరిన్ సంస్థ దగ్గర ఉన్న ఖాళీ నిల్వ 2015 సెప్టెంబరు 24న అయిపోయింది. 128 బిట్ల ఐపీవీ6 వచ్చినా, పాతది ఇంకా పోలేదు.

అన్నయ్యకి మీ సర్వర్ కనిపించాలంటే బయటి చిరునామా ఇచ్చి, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాలి. అప్పుడూ పనిచేయకపోతే రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు ఉంటే, మీ కంపెనీ వాడు మిమ్మల్ని మరో పెద్ద రౌటర్ వెనక పెట్టాడన్నమాట. మీరు ఎంత తంటాలు పడ్డా లాభం లేదు. పబ్లిక్ ఐపీ ఇమ్మని వాళ్ళనే అడగాలి.

వెబ్ సర్వర్ సంగతి

ఏదైనా సైట్ చిరునామా కావాలంటే నల్ల తెర మీద ఎన్‌ఎస్‌లుకప్ అని, పక్కన సైట్ పేరు కొట్టండి. సర్వర్ ఏమిటో తెలియాలంటే కర్ల్ అని కొట్టి, మైనస్, పెద్ద ఐ, ఆ తర్వాత సైట్ పేరు ఇవ్వండి. జవాబులో సర్వర్ అన్న వరస ఉంటే అపాచీ, ఐఐఎస్, ఎన్‌జిన్‌ఎక్స్ వంటి పేర్లు కనిపిస్తాయి. క్లౌడ్‌ఫ్లేర్ అని వస్తే మీరు చూస్తున్నది ముందున్న కాపలాదారునే, అసలు సర్వర్‌ని కాదు.

ఇదే పరీక్ష మీ సొంత సైట్ మీద కూడా చేయండి. అపాచీ తన వెర్షన్ నంబర్ కూడా చెబుతుంటే, పాత లొసుగులు వెతికేవాడికి మీరే దారి చూపినట్టు. సర్వర్‌టోకెన్స్ సెట్టింగ్‌ని ప్రాడ్‌గా మారిస్తే పేరు మాత్రమే చెబుతుంది. అయినా అప్‌డేట్‌లు మానకూడదు.

చిరునామా తెలిస్తే ప్రమాదమా?

మీరు చూసే ప్రతి సైట్‌కీ మీ బయటి చిరునామా తెలుస్తుంది. దాన్నిబట్టి మీ ప్రొవైడర్ ఎవరో, దాదాపుగా ఏ ఊరో చెప్పవచ్చు. ఇంటి నంబర్ చెప్పలేరు, పాస్‌వర్డ్ అసలే చెప్పలేరు.

ఈ తేడా మన దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకి తప్పక చెప్పండి. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని ఫోన్ చేసి భయపెట్టి డబ్బు గుంజే ముఠాల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012 అక్టోబరులోనే కేసులు ప్రకటించింది. ఆ మోసం ఇంకా ఆగలేదు. ఎవరైనా మీ ఐపీ అడ్రస్ చదివి వినిపిస్తే అది హ్యాకింగ్‌కి సాక్ష్యం కాదు. వాళ్ళు చెప్పిన సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించకుండా ఫోన్ పెట్టేయమనండి.