పలకకు ముందు పలుకు

చార్మినారు చుట్టునున్న బజారులలో నడచువారి కన్నులకు మూడు లిపులు ఒక్కమారే తగులును. ఒకే దుకాణపు నెత్తిన తెలుగు, ఉర్దూ, ఆంగ్లాక్షరములు వరుసగా నిలిచియుండును. ఒకటి కుడినుండి యెడమకు సాగును. తక్కిన రెండును ఎడమనుండి కుడికి. తండ్రి భుజముపై కూర్చుండి లాడ్ బజారులో పోవు మూడేండ్ల బిడ్డకు ఇవి యన్నియు బొమ్మలే. ఈ బొమ్మలు పలుకునని తెలిసికొన్ననాడే వానికి చదువు మొదలగును. ఆ సంగతి మొదట తెలుపవలసినవారు ఇంటివారు. తెలుపు తీరు మాత్రము ఇటీవల తారుమారగుచున్నది.

మూడవయేడు నిండకమున్నే నేడు బిడ్డచేతికి పెన్సిలు వచ్చుచున్నది. బడిలో చేర్చుకొనుటకు ముందే ఆంగ్లాక్షరములు ఇరువదియారును, నూరువరకు అంకెలును అప్పగింపవలెనని పెక్కిండ్ల తొందర. తల్లి వంటయింటినుండి "వ్రాసినావా?" అని కేకవేయును. బిడ్డ చుక్కలవెంట గీత దిద్దును, గీత తప్పును, తుడువబోగా కాగితము చినుగును, ఏడుపు వచ్చును. దీనికి సోమరితనమని పేరు పెట్టుట అన్యాయము. ఆ వయస్సున వ్రేళ్లును మణికట్టును ఇంకను లేతవి. సన్నని పుల్లను మూడువ్రేళ్ల నడుమ నిలిపి చిన్న వంపు త్రిప్పుట వానికి తలకు మించిన పని.

మన పూర్వులు ఈ చిక్కు నెరుగుదురు. శ్రీపంచమినాడో విజయదశమినాడో జరుగు అక్షరాభ్యాసమున ముఖ్యమైనవి పళ్లెములో బియ్యము, బిడ్డ చూపుడువ్రేలు, ఆ వ్రేలిని పట్టి నడిపించు పెద్దల చేయి. ఇందులకై గోదావరియొడ్డున బాసర సరస్వతీ సన్నిధికి బిడ్డలను తీసికొనిపోవువారు నేటికిని అనేకులు. పాతనగరపు ముస్లిము కుటుంబములలో నాలుగేండ్ల నాలుగునెలల నాలుగుదినముల ప్రాయమున బిస్మిల్లా వేడుక సలుపు ఆచారము కలదు. పెద్దలు పలుకుదురు, బిడ్డ వెంట పలుకును. ఈ రెండు వేడుకలలోను పలుకునకు పెద్దపీట. మన 'ఓనమాలు' అను మాటయే 'ఓం నమః' అను పలుకునుండి పుట్టినది. అకారాదులు దిద్దించినను మనము ఓనమాలే యందుము.

వీధిబడులలో బియ్యమునకు బదులు ఇసుక. గురువు వ్రాసిన అక్షరముమీద వ్రేలితో దిద్దుచు, దిద్దునంతసేపును దానిని బిగ్గరగా పలుకుట అచ్చటి పద్ధతి. 1789లో మద్రాసు అనాథబాలుర శరణాలయపు పెత్తనము వహించిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు, ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, దానిని తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో అతడు ఇంగ్లండునందు తన అనుభవమును గ్రంథముగా ప్రకటించెను. పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు పాఠము చెప్పించుట అతని 'మద్రాసు పద్ధతి'లోని ప్రధానాంశము. దానితోపాటు ఇసుకపళ్లెమును సముద్రము దాటినది. నూరేండ్లు గడచినపిదప, 1907లో రోమునగరమున పసిపిల్లల బడి తెరచిన మారియా మాంటిసోరి గరుకుకాగితముతో అక్షరములు చేయించి వానిపై పిల్లల వ్రేళ్లు నడిపించెను. నడిపించుచు అక్షరముయొక్క ధ్వనిని పలికించెను. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. వీధిబడి ఇసుక మాఱువేషమున పుట్టింటికి వచ్చినట్లయినది! పాతదెల్ల మోటనియు, ఓడలో దిగినదెల్ల శాస్త్రమనియు తలచు మన విద్యాధికులకు ఈ కథ వినిపింపదగినది.

అట్లని వీధిబడిని నెత్తికెత్తుకొనుట నా యుద్దేశము కాదు. అచ్చట బెత్తము కలదు, కోదండము కలదు, అర్థమెరుగని వల్లెవేత కలదు. ఇసుకను ఉంచుకొని బెత్తమును విడిచిన చాలును.

తెలుగు వర్ణమాల క్రమము మిక్కిలి చక్కనిది. కవర్గము కంఠమున మొదలుకొని పవర్గము పెదవులవరకు, లోపలినుండి వెలుపలికి వర్గములు నడచును. శిశువు నోటి ప్రయాణము ఇంచుమించు దీనికి ఎదురు. వాని తొలిపలుకులలో పెదవుల హల్లులదే పైచేయి: మా, పా, బా. అమ్మ, మామ, పాప, బాబు అను మాటలలో పెదవులు కలియనిది ఒక్కటియు లేదు. కావున ఇంటిలో మకార పకారములతో మొదలిడిన తప్పేమి? వర్ణక్రమము పాటవలె నోట నుండనిండు. వ్రేలికి వేరొక క్రమము కావలెను. తెలుగు మాటలలో కానరాని ఌకారమును, ఒంటరిగా నెన్నడును ఎదురుపడని ఙకారమును తొలినెలలోనే దిద్దించుట బిడ్డకు గాని భాషకు గాని ఉపకారము కాదు.

గుణింతము రాకమున్నే తలకట్టు అక్షరములతో చదువదగిన మాటలు మనకు కొల్లలు: తల, జడ, వల, పనస, పలక. 'పలక' అను మూడక్షరములు కూడి చేతిలోని పలకయే యైనదని కనుగొన్న బిడ్డ కన్నులలోని వెలుగు చూడవలసినదే. అయితే పకార వకారములను ఒకే దినమున చూపరాదు. పకారమునకు తలకట్టు విడిగా నిలుచును, వకారమునకు అంటియుండును. పెద్దలకు స్పష్టమైన ఆ సందు పిల్లలకు కనబడదు. కావున పడవను కొన్నాళ్లు రేవుననే ఆపవలెను! దకారము చేతికి వచ్చినపిదప దానికి క్రింద ఒత్తు పెట్టిన ధకారము, కడుపులో చుక్కయు చేర్చిన థకారము అని చూపినచో బిడ్డకు ఒకే యింటి అన్నదమ్ములను గుర్తించినట్లుండును. ఇక వంపుల సాధన యందురా, తల్లి వాకిట మెలికలముగ్గు వేయునప్పుడు ప్రక్కనున్న బిడ్డకు పిడికెడు పిండి ఇచ్చిన చాలును.

అంకెల విషయమున పాతనగరపు బిడ్డ చెవిలో మూడు వరుసలు మ్రోగుచుండును. ఉర్దూలో ఇక్కీస్, బాయీస్, తేయీస్ అని నూరువరకు ఇంచుమించు ప్రతిసంఖ్యకును ఒక కొత్తపేరు కంఠస్థము చేయవలెను. ఉన్తీస్ అన్నచో ముప్పదికి ఒకటి తక్కువ! ఆంగ్లములో పదునొకండు పండ్రెండులకు వేరుపేర్లు. పదుమూటినుండి చిన్న అంకెను ముందు చెప్పి పదిని వెనుక చెప్పుదురు. తెలుగులో ఇరువదియొకటి, ఇరువదిరెండు అని పదులు ముందు, ఒకట్లు వెనుక, వ్రాసిన వరుసలోనే పలుకుదుము. వినినవానికి స్థానవిలువ సగము బోధపడును. ఇంతటి సౌలభ్యము ఇంటిభాషయందే యుండగా, తెలుగువారు తమ బిడ్డలకు అంకెలు ఆంగ్లముననే మొదట నేర్పుట నాకు వింతగా తోచును. మరియొక సంగతి: ఉర్దూలిపి కుడినుండి సాగినను, దాని అంకెలలో పెద్దస్థానము మనకువలెనే ఎడమప్రక్కన నుండును. మూడు లిపులును లెక్కదగ్గర ఒక్కత్రోవకు వచ్చును. తెలుగులో నిండుసున్నకును, లెక్కలోని శూన్యమునకును రూపమొక్కటే, పేరొక్కటే. ఒక గుండ్రము దిద్దిన రెండు పనులు తీరును.

నూరువరకు అప్పగించుట వేరు, లెక్కించుట వేరు. ఈ భేదమును ఉపాధ్యాయమిత్రులు తల్లిదండ్రులకు ఓపికతో చెప్పవలసియున్నది. జీన్ పియాజే అను స్విట్జర్లండు పండితుడు 1941లో ప్రకటించిన గ్రంథమున ఇందులకు నిదర్శనము కలదు. దానిని మనయింట చింతగింజలతోనే చూడవచ్చును. రెండు వరుసలలో సమానముగా గింజలు పేర్చి, బిడ్డ ఎదుటనే ఒక వరుసను ఎడముగా జరిపి, ఎందు ఎక్కువ యని యడుగుడు. నాలుగేండ్ల పిల్లలలో పెక్కురు పొడవైన వరుసనే చూపుదురు. నూరువరకు వల్లించినవాడును చూపవచ్చును! వానిని మందలించి లాభము లేదు. గింజలు చేతికిచ్చి వామనగుంటలు ఆడింపవలెను. గుంటకొక గింజ వేయుచు పోవుటలో అంకెకొక వస్తువను నియమము వ్రేళ్లకు తెలియును. లాడ్ బజారులో తల్లి గాజులు బేరమాడునప్పుడు జతలు లెక్కపెట్టు పని బిడ్డకు అప్పగింపవచ్చును. దుకాణదారు విసుగుకొనడు, అతని కొట్టులోనే పిల్లలు లెక్క నేర్చియుందురు.

ఇంత చెప్పినను కొందరు తల్లులు, "మాకే తెలుగు చదువు రాదు, మేమేమి నేర్పగలము?" అందురు. ఈ నగరమున ఆ సంకోచమునకు చరిత్ర కలదు. నిజాము ప్రభుత్వకాలమున రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు అదియే. ఖానగీ బడి పెట్టుటకు ప్రభుత్వానుమతి వలయును. 1921లో ఇచ్చటి వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సంఘసంస్కారసభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆంధ్రజనసంఘము పుట్టుకకు ఆ అవమానమే కారణమైనది. అట్టి దినములలో తెలుగును ఎన్నియో యిండ్ల అరుగులు కాపాడినవి. 2018లో పాఠశాలలందు తెలుగు తప్పనిసరి యని తెలంగాణమున శాసనమైనది. కాని బడికి వచ్చువరకు బిడ్డతో తెలుగున మాటాడుమని ఏ శాసనమును చెప్పజాలదు. పలు భాషల నడుమ బిడ్డ చెడునను భయమును వలదు. ఉర్దూ మాధ్యమమున చదివిన దాశరథియే గాలిబును మనకు తెలుగున వినిపించెను.

లాల్ దర్వాజాలోనో గౌలిపురాలోనో ఉన్న చదువురాని అవ్వ చేయగల పని ఇదియే: "పకారముతో వచ్చునవి చెప్పురా" అని అడిగి, పప్పు, పాలు, పిల్లి, పూలు అని మనుమనిచే పలికించుట. ఆ ధ్వని చెవికి చిక్కినవానికి అక్షరము చూపుట తల్లికిగాని పంతులమ్మకుగాని పూటపని. దినమునకు పావుగంట చాలును. నడుమ గాలిపటము తెగి మేడపై వ్రాలినదని బిడ్డ లేచి పరుగెత్తినచో, పలకను గూటిలో పెట్టవలెను.