మూడు రిమోట్ల ఇంట్లో పెద్దవాళ్ల చేతికి ఒక్కటే చాలు

రాయచూరు జిల్లాలో మన తెలుగు కుటుంబాలది పాత కాపురం. 1956 నవంబరు 1న జిల్లా మైసూరు రాష్ట్రంలో కలవకముందు, హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నప్పటి నుంచీ ఇక్కడే ఉన్నవారు కొందరు. తుంగభద్ర ఎడమ కాలువ కింద నీళ్లు పారాక కోస్తా నుంచి వచ్చి సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో స్థిరపడినవారు మరికొందరు. ఎవరి ఇంటికి వెళ్లినా ఇప్పుడు కనిపించేది ఒకటే. పిల్లలు బెంగళూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో మిగిలింది పెద్దవాళ్లిద్దరు, లేదంటే ఒక్కరే. బజారులో, బ్యాంకులో, ఆసుపత్రిలో రోజంతా కన్నడం మాట్లాడి ఇంటికొచ్చాక, తెలుగు వినిపించేది టీవీలోనే.

ఆ టీవీ ముందు మాత్రం రెండో మూడో రిమోట్లు ఉంటాయి. టీవీది ఒకటి, సెట్‌టాప్ బాక్సుది ఒకటి, పిల్లలు కొనిచ్చిన స్టిక్‌ది మరొకటి. కేబుల్ వైరు నేరుగా టీవీకి పెట్టుకున్న రోజుల్లో ఈ బాధ లేదు. కేబుల్‌ను డిజిటల్ చేసే పనిలో చివరి దశ గడువు 2017 మార్చి 31. అలా చిన్న ఊళ్లలోకి కూడా బాక్సు వచ్చింది, దాంతో రెండో రిమోటూ వచ్చింది. పొరపాటున ‘సోర్స్’ మీట నొక్కితే తెర మీద ‘నో సిగ్నల్’ అని ఇంగ్లీషులో పడుతుంది. పక్కింటి అబ్బాయి కాలేజీ నుంచి వచ్చేదాకా టీవీ అలాగే ఉంటుంది. ప్రతిసారీ అడగడం మొహమాటమై కొందరు టీవీ చూడడమే మానేస్తున్నారని మా సంఘానికి వచ్చేవాళ్లు చెబుతుంటారు. అందుకే అన్ని పనులూ ఒకే రిమోట్‌తో జరిగేలా ఎలా పెట్టుకోవాలో ఇక్కడ రాస్తున్నాం.

రిమోట్ ఎలా పనిచేస్తుంది

మామూలు రిమోట్ కొసన చిన్న బల్బు ఉంటుంది. అది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును సెకనుకు దాదాపు 38,000 సార్లు మిణుకుమనిపిస్తూ సంకేతం పంపుతుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో సంకేతం కాబట్టి ఒక రిమోట్ మాట మరో టీవీ వినదు. ఈ చిక్కు తీర్చడానికే యూనివర్సల్ రిమోట్ పుట్టింది. యాపిల్ కంప్యూటర్ తయారు చేసిన స్టీవ్ వోజ్నియాక్ కూడా 1987లో ఇలాంటి ప్రోగ్రామబుల్ రిమోట్ ఒకటి తెచ్చారు.

వీటిలో రెండు పద్ధతులున్నాయి. మొదటి రకం రిమోట్‌లో కంపెనీల సంకేతాలు ముందే నింపి ఉంటాయి. మన టీవీ కోడ్ ఎంచుకుంటే చాలు. రెండో రకం పాత రిమోట్‌ను చూసి నేర్చుకుంటుంది. దీన్నే లర్నింగ్ రిమోట్ అంటారు. మన ఇళ్లకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే.

ముందు బాక్సు రిమోట్‌ను చూడండి

కొత్తది కొనే ముందు మీ సెట్‌టాప్ బాక్సు రిమోట్‌ను పరీక్షగా చూడండి. చాలావాటిలో పైన గానీ కింద గానీ ‘టీవీ’ అని రాసి నాలుగైదు మీటలు వేరుగా గీత గీసి ఉంటాయి. వాటికి టీవీ రిమోట్ పనిని నేర్పవచ్చు. మోడల్‌ను బట్టి కొద్దిగా తేడా ఉన్నా పద్ధతి దాదాపు ఇలా ఉంటుంది.

1. బాక్సు రిమోట్‌లో ‘సెట్’ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతుంది.
2. రెండు రిమోట్లను బల్ల మీద ఎదురెదురుగా పెట్టండి. బల్బులున్న కొసలు ఒకదానికొకటి రెండు మూడు అంగుళాల దూరంలో ఉండాలి.
3. బాక్సు రిమోట్‌లో, నేర్పవలసిన మీటను ఒకసారి నొక్కండి. ఉదాహరణకు టీవీ పవర్.
4. టీవీ రిమోట్‌లో పవర్ మీటను నొక్కండి. బాక్సు రిమోట్ లైటు మిణుకుమంటే నేర్చుకున్నట్టే.
5. సౌండు పెంచేది, తగ్గించేది, సోర్స్ కూడా ఇలాగే ఒక్కొక్కటిగా నేర్పండి. చివర మళ్లీ ‘సెట్’ నొక్కి ముగించండి.

బాక్సు సౌండును ముందే బాగా పెంచి ఉంచి, రోజూ టీవీ సౌండునే మార్చుకునేలా అలవాటు చేస్తే గందరగోళం ఉండదు.

కొత్త రిమోట్ కొనేటప్పుడు

బాక్సు రిమోట్‌లో ఆ సౌకర్యం లేకపోతే వేరే యూనివర్సల్ రిమోట్ తీసుకోవాలి. షాపుకు వెళ్లేటప్పుడు టీవీ వెనక స్టిక్కరు మీది మోడల్ నంబరు రాసుకోండి, పాత రిమోట్లు వెంట తీసుకెళ్లండి. ‘లర్నింగ్ ఉందా’ అని అడగండి. ఒకే కంపెనీ టీవీలన్నిటికీ పనిచేసేదాన్ని కూడా యూనివర్సల్ అనే అమ్ముతారు. అది పోయిన టీవీ రిమోట్‌కు బదులు పనికొస్తుంది కానీ, బాక్సును నడపదు.

స్టిక్ రిమోట్ సంగతి వేరు. ఫైర్ టీవీ స్టిక్ లాంటివాటి రిమోట్లు బ్లూటూత్‌తో పనిచేస్తాయి. వెలుగుతో నేర్చుకునే రిమోట్‌కు ఆ సంకేతం అందదు. అయితే సాధారణంగా ఆ స్టిక్ రిమోట్‌లోనే టీవీ పవర్, సౌండు పెట్టుకునే వీలుంటుంది. అది స్టిక్ సెట్టింగ్స్‌లో చూడాలి.

బాక్సు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంటే సీఈసీ అనే సౌకర్యాన్ని కూడా ప్రయత్నించండి. సామ్‌సంగ్‌లో దీన్ని ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీలో సింప్‌లింక్ అని, సోనీలో బ్రావియా సింక్ అని అంటారు. రెండు పరికరాలకూ ఈ సౌకర్యం ఉంటే ఒకటి వెలిగినప్పుడు రెండోదీ వెలిగి, సరైన సోర్స్ తనంతట తానే వస్తుంది. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత కేబుల్‌తో ఇది కుదరదు.

ఎక్కడ చిక్కు వస్తుంది

పవర్ మీటకు చాలా పరికరాల్లో ఒకే సంకేతం ఉంటుంది. ఆగి ఉంటే వెలిగిస్తుంది, వెలిగి ఉంటే ఆపేస్తుంది. ఒక్క నొక్కుతో టీవీ, బాక్సు రెండూ వెలిగేలా పెట్టే రిమోట్లు ఉన్నాయి. కరెంటు పోయి వచ్చాక ఒకటి వెలిగి, ఇంకొకటి ఆగి ఉంటే ఆ నొక్కు రెండింటినీ తారుమారు చేస్తుంది. పెద్దవాళ్ల ఇంట్లో టీవీ పవర్, బాక్సు పవర్ రెండు మీటలుగానే ఉంచడం మేలు. వాటి మీద రెండు రంగుల నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టండి.

రిమోట్ పనిచేయకపోతే ముందు సెల్లు మార్చండి. తర్వాత ఫోన్‌లో కెమెరా తెరిచి రిమోట్ కొసను దాని ముందు పెట్టి మీట నొక్కండి. తెర మీద లేత ఊదా వెలుగు కనిపిస్తే రిమోట్ మంచిదే. వెనక కెమెరాలో కనిపించకపోతే ముందు కెమెరాతో చూడండి. మన ఎండలకు కిటికీలోంచి వెలుగు నేరుగా టీవీ మీద పడినా సంకేతం సరిగా అందదు.

ఏసీని ఈ రిమోట్‌లో కలపకండి. ఏసీ రిమోట్ ప్రతి నొక్కుకూ ఉష్ణోగ్రత, ఫ్యాను వేగం అన్నీ కలిపి ఒకే సంకేతంగా పంపుతుంది. లర్నింగ్ రిమోట్‌కు ఒక్క మీట నేర్పినంత మాత్రాన అది సరిగా నడవదు.

సెట్ చేసినవాళ్లు వెళ్లిపోయే ముందు

సంక్రాంతికో దసరాకో వచ్చిన పిల్లలకు మా మనవి ఇది. రిమోట్ పెట్టేది మీరు, రోజూ వాడేది అమ్మానాన్నలు. బాక్సులో ఫేవరిట్ జాబితా ఉంటే, వాళ్లు చూసే తెలుగు ఛానెళ్లన్నీ దానిలో చేర్చండి. అవసరం లేని మీటల మీద టేపు అంటించండి. ‘చుక్క ఎరుపు: టీవీ. చుక్క నీలం: బాక్సు. బొమ్మ రాకపోతే సోర్స్ నొక్కి హెచ్‌డీఎంఐ 1’ అంటూ మీ ఇంటి సెట్టుకు సరిపడేలా పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకు అంటించండి.

పాత రిమోట్లను పారేయకండి. కొన్ని లర్నింగ్ రిమోట్లు సెల్లు తీసి ఎక్కువసేపు ఉంచితే నేర్చుకున్నది మరిచిపోతాయి. అప్పుడు మళ్లీ నేర్పడానికి పాతవి కావాలి. వాటిలోని సెల్లు తీసి, ఒక కవర్లో వేసి బీరువాలో పెట్టండి. చిన్న రిమోట్లలో నాణెంలా ఉండే బటన్ సెల్లు ఉంటే మరింత జాగ్రత్త. పసిపిల్లలు మింగితే ప్రాణానికే ప్రమాదం. మింగారనే అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చివరగా ఒక పరీక్ష. అంతా ఆపేసి రిమోట్ అమ్మ చేతిలో పెట్టి, మీరు పక్కన మాట్లాడకుండా కూర్చోండి. ఆమె టీవీ పెట్టి, తెలుగు ఛానెల్ తెచ్చి, సౌండు సరిచేసి, తిరిగి ఆపేయాలి. ఎక్కడ ఆగారో అక్కడ మీటకు గుర్తు పెట్టండి, కాగితం మీద మాట మార్చండి. మరునాడు మరోసారి చూడండి. ఎవరినీ పిలవకుండా రెండు రోజులూ ఆమె చేయగలిగితే మీరు నిశ్చింతగా బస్సు ఎక్కవచ్చు.