పొగ రంగు చూడండి... ఇంజిన్ జబ్బు కనిపెట్టండి!

పాత ట్రాక్టరు, ఆయిల్ ఇంజిన్, జీపు ఉన్న రైతులకు సూచనలు

సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారంటే హుజూర్‌నగర్, గరిడేపల్లి, నేరేడుచర్ల, మట్టంపల్లి, మేళ్లచెరువు మండలాల్లో ట్రాక్టర్లకు రాత్రీ పగలూ తీరిక ఉండదు. నారు ముదరకముందే దమ్ము పూర్తి కావాలి. సరిగ్గా అప్పుడే పాత బండి నల్లగా పొగ కక్కడం మొదలుపెడుతుంది. డీజిలు ఎక్కువ తాగుతుంది, లాగుడు తగ్గుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే 'ఇంజిన్ దించాలి, బోరింగు కొట్టించాలి' అనే మాట వినిపిస్తుంది. రెండెకరాల రైతుకు ఆ మాట వింటేనే గుండె జారిపోతుంది.

పొగ వచ్చిన ప్రతిసారీ ఇంజిన్ విప్పాల్సిన పని లేదు. ఎయిర్ క్లీనర్ కడిగితేనో, నాజిల్ మారిస్తేనో పోయే పొగకు పిస్టన్లు, లైనర్లు మార్పించి అప్పులపాలైన రైతులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇప్పటి బండ్లలో ఏదైనా తేడా వస్తే డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. పాత బండికి ఆ దీపం ఉండదు. దాని బదులు సైలెన్సర్‌లోంచి వచ్చే పొగే కబురు చెబుతుంది. ఆ పొగ నలుపా, నీలమా, తెలుపా అన్నది ముందు చూసుకోవాలి. ఆ తర్వాత ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా ముందుకు వెళ్లాలి. ఇంజిన్ విప్పడం అన్నిటికన్నా చివరి మెట్టు.

పొగ ఎప్పుడు చూడాలి?

పొద్దున్నే చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే కాస్త తెల్లటి పొగ వస్తే కంగారు పడవద్దు. కొద్ది నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కగానే అది పోవాలి. పోకపోతేనే అనుమానించాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఒకసారి ఖాళీగా, ఒకసారి పని మీద ఉండగా పొగ గమనించాలి. అలాగే ఆక్సిలేటర్ ఒక్కసారి నొక్కినప్పుడు క్షణం పాటు నల్లపొగ వచ్చి తేరుకోవడం పాత ఇంజిన్లకు మామూలే. ఆగకుండా వస్తుంటేనే జబ్బు.

నల్లపొగ: గాలి తక్కువ, డీజిలు ఎక్కువ

డీజిలు పూర్తిగా కాలాలంటే తగినంత గాలి అందాలి. గాలి చాలకపోయినా, డీజిలు ఎక్కువగా పడినా, పడిన డీజిలు సన్నని తుంపరగా చీలకపోయినా సగం కాలి మసి అవుతుంది. ఆ మసే నల్లపొగ. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న డీజిలే సైలెన్సర్ గుండా గాలిలో కలిసిపోతోందన్నమాట. ఈ వరుసలో చూడండి.

1. ఎయిర్ క్లీనర్: పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఆయిల్ ఉండే ఎయిర్ క్లీనర్ ఉంటుంది. కింది గిన్నె విప్పి చూడండి. అడుగున మన్ను ముద్దగా పేరుకుంటే ఆ ఆయిల్ పారబోసి, గిన్నెనూ లోపలి జాలీనీ డీజిలుతో కడిగి, ఆరనిచ్చి, గీత వరకే కొత్త ఆయిల్ పోయాలి. వేసవి దుక్కులప్పుడు, ట్రక్కుతో మట్టి తోలేటప్పుడు, నూర్పిళ్లప్పుడు రోజూ చూడాల్సిందే. కాగితం ఫిల్టర్ ఉన్న బండ్లకు డీజిలు తగలనివ్వవద్దు. మెల్లగా తట్టి దుమ్ము దులపాలి. గాలి కొట్టిస్తే తక్కువ ఒత్తిడితో లోపలి నుంచి బయటకు కొట్టించాలి. చిరిగిందేమో వెలుతురుకు పట్టి చూసుకోవాలి.

తప్పు ఎయిర్ క్లీనర్‌దేనా అని తేల్చుకోవడానికి తేలిక పరీక్ష ఉంది. దుమ్ము లేని చోట బండి నిలిపి, ఎయిర్ క్లీనర్ గొట్టం విప్పి ఒక్క నిమిషం ఇంజిన్ నడిపి చూడండి. విప్పిన గొట్టం దగ్గర గుడ్డలు, చేతులు ఉండకూడదు. పొగ బాగా తగ్గితే జబ్బు దొరికినట్టే. వెంటనే గొట్టం బిగించేయాలి. అది లేకుండా పొలంలో పని చేయిస్తే లోపలికి పోయే దుమ్ము లైనర్లను ఆకురాయిలా అరగదీస్తుంది.

2. మోయలేని బరువు: నల్లరేగడి బురదలో కేజ్ వీల్స్‌తో దమ్ము చేసేటప్పుడు పొగ వచ్చి, గట్టెక్కగానే మాయమవుతుంటే ఇంజిన్ తప్పు కాదు. ఒక గేరు తగ్గించి చూడండి. పొగ తగ్గితే మీరు బండిని శక్తికి మించి లాగిస్తున్నారని అర్థం. ఆయిల్ ఇంజిన్ల సంగతీ ఇంతే. ఇంజిన్ శక్తికి మించిన పంపు తగిలించినా, పంపు బేరింగులు పట్టేసినా నల్లపొగ వస్తుంది. బెల్టు తీసి ఖాళీగా నడిపి చూస్తే తెలిసిపోతుంది.

3. నాజిళ్లు: నాజిల్ మంచిదైతే డీజిలును పొగమంచులా చిమ్ముతుంది. అరిగితే చుక్కలుగా కారుస్తుంది. ఏ నాజిల్ చెడిందో తెలుసుకోవడానికి ఇంజిన్ నిదానంగా తిరుగుతుండగా మెకానిక్ ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును కొంచెం వదులు చేసి, మళ్లీ బిగిస్తాడు. వదులు చేసినప్పుడు ఇంజిన్ చప్పుడు మారి తడబడితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. ఏ తేడా లేకపోతే అనుమానం దాని మీదే. వదులు చేయగానే నల్లపొగ ఆగిపోయినా అదే దోషి. ఆ నాజిల్ ఒక్కటీ విప్పించి, పరీక్ష యంత్రం ఉన్న షాపులో మీ కళ్లెదుట పరీక్ష చేయించండి. నాలుగూ మార్చాల్సిన అవసరం ఉండకపోవచ్చు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఒకటి, నాజిల్ పైపులో డీజిలు విపరీతమైన ఒత్తిడితో ఉంటుంది. కారుతున్న చోట వేలు పెట్టి చూడవద్దు. సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రెండు, ఈ నట్టు పరీక్ష పాతకాలపు పంపు ఉన్న ఇంజిన్లకే. కామన్ రైల్ ఇంజిన్లలో ఒత్తిడి ఇంకెన్నో రెట్లు ఎక్కువ. వాటి పైపుల జోలికి పోనే పోవద్దు.

4. పంపు: కొందరు 'లాగుడు పెంచుతాం' అని పంపు సీలు తెంచి డీజిలు ఎక్కువ వదులుతారు. నాలుగు రోజులు బండి హుషారుగా లాగుతుంది. ఆ తర్వాత నల్లపొగ, వేడి, పిస్టన్ల అరుగుదల మిగులుతాయి. పంపు కట్టించాలంటే కొలత యంత్రం ఉన్న చోటే కట్టించి, సీలు వేయించుకోవాలి.

నీలిపొగ: ఇంజిన్ ఆయిల్ కాలుతోంది

నీలిరంగు పొగ, మాడిన నూనె వాసన వస్తుంటే ఇంజిన్ ఆయిల్ సిలిండర్‌లోకి చేరి కాలుతోందని గుర్తు. ఇక్కడా ముందు ఖర్చు లేనివి చూడాలి.

బండిని చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపి కాసేపయ్యాక ఆయిల్ పుల్ల తీసి చూడండి. పై గీత దాటి ఉంటే ఎక్కువ పోశారన్నమాట. తీసేస్తే సరిపోవచ్చు. పోయకుండానే మట్టం పెరిగి, డీజిలు వాసన కొడుతుంటే పంపు నుంచో, నాజిల్ నుంచో డీజిలు ఆయిల్‌లోకి దిగుతోంది. అలాంటి ఆయిల్ పలచబడి బేరింగులను కాపాడలేదు. బండి నడపకుండా ముందు అది బాగుచేయించాలి. ఎయిర్ క్లీనర్ గిన్నెలో గీతకు మించి ఆయిల్ పోసినా ఇంజిన్ దాన్ని పీల్చుకుని నీలిపొగ వదులుతుంది. కడిగిన మర్నాడే పొగ మొదలైతే అక్కడే చూడండి.

ఇవన్నీ సరిగా ఉన్నాయా? అయితే వేడెక్కిన ఇంజిన్ నిదానంగా తిరుగుతుండగా బ్రీదర్ గొట్టం దగ్గర చూడండి. పొగ బుసబుసమంటూ దూకుతుంటే, రోజూ ఆయిల్ తగ్గుతుంటే, లాగుడూ పోతే రింగులు, లైనర్లు అరిగాయని నమ్మవచ్చు. బ్రీదర్ నుంచి పొగ పెద్దగా లేక, కాసేపు నిదానంగా నడిపి ఆక్సిలేటర్ నొక్కగానే గుప్పున నీలిపొగ వస్తుంటే వాల్వ్ గైడ్లు అరిగి ఉండవచ్చు. దానికి హెడ్ పని చాలు. బోరింగు అక్కర్లేదు. ఈ రెండింటి ఖర్చుకూ మధ్య ఎంత తేడా ఉందో మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.

తెల్లపొగ: డీజిలా? నీళ్లా?

ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే రెండు దారులున్నాయి. పొగ కళ్లు మండిస్తూ పచ్చి డీజిలు వాసన వేస్తే డీజిలు కాలకుండానే ఆవిరై పోతోంది. నాజిల్ చెడినా, పంపు టైమింగ్ వెనకబడినా, కంప్రెషన్ తగ్గినా ఇలా జరుగుతుంది. డీజిలులో నీళ్లు కలిసినా ఇంజిన్ తడబడుతూ తెల్లపొగ వదులుతుంది. పొద్దున స్టార్ట్ చేయకముందే ఫిల్టర్ కింది మర వదులు చేసి గాజు సీసాలోకి కొంచెం పట్టండి. నీళ్లు బరువు కాబట్టి అడుగుకు చేరి విడిగా కనిపిస్తాయి. సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపి ఉంచితే రాత్రి చెమ్మ లోపల చేరదు.

డీజిలు వాసన లేకుండా ఆవిరిలా పొగ వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు రోజూ తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందో, హెడ్ పగిలిందో చూడాలి. ఇంజిన్ చల్లారాకనే రేడియేటర్ మూత తీయాలి. నీళ్ల మీద నూనె తెట్టు తేలుతోందా? ఆయిల్ పుల్లకు పాలు పోసిన టీ రంగు అంటుతోందా? ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా ఇంకొక్క చాలు కూడా దున్నవద్దు. ఇప్పుడు ఆపితే గ్యాస్కెట్‌తో పోవచ్చు. నడిపితే క్రాంకు దాకా పోతుంది.

పాత జీపు, కారు ఉన్నవారికి

డీజిలు జీపులకు పై సూచనలన్నీ వర్తిస్తాయి. కార్బురేటర్ ఉన్న పాత పెట్రోలు కార్లలో నల్లపొగకు ముందుగా చోక్ పట్టేసిందేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. బీఎస్-4 కంటే ముందు వచ్చిన డీజిలు బండ్లకు కాలుష్య పరీక్షలో పొగ 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు దాటకూడదు. సర్టిఫికెట్ రాలేదంటే అది జరిమానా సంగతి మాత్రమే కాదు, ఇంధనం వృథా అవుతోందని చెప్పే చీటీ కూడా. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 బండ్లలో ఇంజిన్ దీపం వెలిగితే స్కానర్ పెట్టించి, ఏ కోడ్ వచ్చిందో రాయించుకోండి. కోడ్ చూడకుండా సామాను మార్చనివ్వవద్దు.

పాత బండి కొనేటప్పుడు

పాత ట్రాక్టరు కొనే రైతు పొగ చూడకుండా బయానా ఇవ్వకూడదు. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే మర్నాడు పొద్దున వస్తానని చెప్పండి. చల్లని ఇంజిన్‌ను మీ ముందే స్టార్ట్ చేయించాలి. చిక్కటి ఆయిల్ పోసి నీలిపొగను కొన్నాళ్లు దాచే మోసం ఉంది. అందుకే ఆయిల్ పుల్ల, బ్రీదర్, రేడియేటర్ మూడూ చూసి, ఒక గంట నాగలి కట్టి దున్నించి చూడాలి.

పొగతో ప్రాణానికీ ముప్పే

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిలు పొగను క్యాన్సర్ కారకంగా 2012లో ప్రకటించింది. రోజంతా సీటు మీద కూర్చునే డ్రైవరు, పక్కన మడ్‌గార్డు మీద ఎక్కే పిల్లలు ఆ పొగే పీలుస్తారు. సైలెన్సర్ గొట్టం తల కంటే ఎత్తులో ఉండాలి. మూసి ఉన్న గదిలో ఆయిల్ ఇంజిన్ నడపవద్దు. అందులో వాసన లేని విషవాయువు మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

గుర్తుంచుకోండి

• నల్లపొగ: ఎయిర్ క్లీనర్, బరువు, నాజిల్, పంపు. ఈ వరుసలోనే చూడాలి.
• నీలిపొగ: ఆయిల్ మట్టం, ఎయిర్ క్లీనర్ గిన్నె, బ్రీదర్. ఆ తర్వాతే రింగుల మాట.
• తెల్లపొగ: డీజిలులో నీళ్లు, నాజిల్, టైమింగ్. రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే వెంటనే బండి ఆపాలి.
• డీజిలు సెకనుకు ఒక చుక్క కారినా రోజుకు నాలుగు లీటర్లకు పైగా పోతుంది. పని కాగానే కాక్ కట్టేయాలి.
• ఏ రోజు ఏం మార్చారో, మీటరు మీద ఎన్ని గంటలయ్యాయో ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. మార్చిన పాత సామాను అడిగి ఇంటికి తెచ్చుకోవాలి.

యంత్రాల వాడకం, మరమ్మతు పద్ధతిగా నేర్చుకోవాలనుకునే రైతు బిడ్డలకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర వ్యవసాయ శాఖ నడిపే యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. ఊరికి ఒక్క కుర్రాడు నేర్చుకుని వచ్చినా పదిమంది రైతుల డబ్బు మిగులుతుంది. అప్పటిదాకా షెడ్డుకు వెళ్లినప్పుడు 'పొగ వస్తోంది' అని ఊరుకోకండి. 'నల్లపొగ, దమ్ములోనే వస్తోంది, ఎయిర్ క్లీనర్ కడిగాం, అయినా తగ్గలేదు' అని చెప్పండి. అంత చెప్పగలిగిన రైతు బండిని ఎవరూ ఊరికే విప్పరు.