పాదిరిగారి చెన్నపట్నం

వలస కథ రాయమంటే మన సంచికల్లో చాలామంది డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో మొదలుపెడతారు. మన దగ్గరికే వలస వచ్చి, మన మాట నేర్చుకుని, దాన్ని మొదటిసారి అచ్చులో చూపించినవాడి ఊసు అరుదుగా వస్తుంది. ఆయన పేరు బెంజమిన్ షుల్జ్. 1689లో బ్రాండెన్‌బర్గ్ రాజ్యంలో జోనెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, పేరు కూడా మారిపోయింది.

హాలే పట్నంలో చదువుకుని, డెన్మార్క్ రాజు పంపే మిషన్ తరఫున 1719లో తమిళ తీరంలోని తరంగంబాడిలో ఓడ దిగాడు. తమిళంలోకి బైబిలు తెస్తున్న జీగెన్‌బాల్గ్ అప్పటికి కొన్ని నెలల కిందటే కన్నుమూశాడు. ఆయన రూతు గ్రంథం దాకా తెచ్చి వదిలిన పాత నిబంధనను షుల్జే పూర్తి చేశాడు. పని రాక్షసుడే కానీ పదిమందితో సర్దుకుపోయే మనిషి కాదు. తోటి పాదిరీలతో పొసగలేదు. 1726లో మద్రాసు చేరాడు. ఆ పోట్లాటలు మన తెలుగుకు మేలే చేశాయనుకోవాలి.

అప్పటి మద్రాసు ఎలా ఉండేది? సముద్రపు ఒడ్డున కుంఫిణీ కోట, దానికి ఉత్తరాన గోడను ఆనుకుని నల్లవాళ్ల పేట. ఇవాళ హైకోర్టు ఉన్న చోటు అదే. వ్యాపారం చాలామటుకు తెలుగువాళ్ల చేతిలో ఉండేది. బేరి తిమ్మన్న, కాశీ వీరన్నల కాలం నుంచీ కుంఫిణీకి బట్టలు సరఫరా చేసిన పెద్ద వర్తకుల్లో మనవాళ్లే ముందుండేవారు. షుల్జ్ ఉన్న రోజుల్లోనే, 1734లో, సుంకురామ శెట్టి తోట ఉన్న స్థలం తీసుకుని చింతాద్రిపేట కట్టి నేతపనివాళ్లను అక్కడ దింపారు. బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లకూ కొదవ లేదు. షుల్జ్ వచ్చిన 1726లోనే ఆర్మీనియన్ వర్తకుడు పెట్రస్ ఉస్కాన్ సొంత డబ్బుతో సైదాపేట దగ్గర అడయారు మీద వంతెన కట్టించాడు. ఆయన పేరు చెప్పే శిలాఫలకం ఇప్పటికీ ఆ దారి పక్కనే ఉంది. రోజూ వేలమంది దాన్ని దాటిపోతారు, ఎవరూ చదవరు.

అలాంటి ఊళ్లో తమిళం ఒక్కటి వస్తే చాలదని షుల్జ్‌కు తొందరగానే తెలిసొచ్చింది. తెలుగు నేర్చుకున్నాడు. 1728లో ‘గ్రమాటికా తెలుగికా’ పేరుతో మన భాషకు వ్యాకరణం రాశాడు. అదే ఏడు లండన్ నుంచి ఎస్.పి.సి.కె. అనే క్రైస్తవ ప్రచార సంఘం ఆయన ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది. ఆపైన బైబిలు అనువాదం, పిల్లల బడి, హిందుస్తానీ నేర్చుకోవడం, దానికీ ఒక వ్యాకరణం! ఆయన తమిళ బైబిలు మోటుగా ఉందని తరవాతివాళ్లు మరో పాదిరి ఫాబ్రీషియస్ అనువాదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. తెలుగు బైబిలు రాతప్రతిగానే మిగిలిపోయింది. తెలుగువాళ్ల చేతికి అచ్చు కొత్త నిబంధన అందడానికి 1818 దాకా, శ్రీరాంపూర్ ప్రెస్సు దాకా ఆగాల్సి వచ్చింది.

మద్రాసులో పదిహేడేళ్లు గడిపి 1743లో షుల్జ్ హాలేకు తిరిగి వెళ్లిపోయాడు. మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి. యాభై నాలుగేళ్లవాడు, మళ్లీ ఈ తీరానికి రాని మనిషి, అక్కడ తెలుగు అక్షరాలు పోత పోయించి 1746, 1747లలో పుస్తకాలు అచ్చు వేయించాడు. ‘మోక్షానికి కొంచుపొయ్యే దోవ’, ‘నూరు జ్ఞాన వచనాలు’ వాటిలోవే. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు ఇవే. అన్నీ మత ప్రచారానికి రాసినవే, అందులో దాపరికం లేదు. అయినా పండితుల తెలుగు కాకుండా ఇళ్లలో, అంగళ్లలో విన్న తెలుగును ఆయన కాగితం మీద పెట్టాడు. అదే తెలుగుకు గౌరవం దక్కాలని గిడుగు రామమూర్తి పంతులు పోరాడడం ఒకటిన్నర శతాబ్దం తరవాతి మాట.

నా లెక్కలో వీటన్నిటికంటే విలువైనది 1750లో హాలేలోనే వచ్చిన మద్రాసు పుస్తకం. తెలుగులో రాసుకున్న ముప్పై సంభాషణలకు ఇంగ్లీషు రూపం అది. ఊరివాళ్ల నడవడి, బతుకు తీరు, ఇంటి వ్యవహారాలు అందులోని విషయం. మత గ్రంథాలు రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. అంగడి మాటల్ని విని దాచినవాడు ఆ కాలంలో అరుదు. పైగా పుస్తకం వెలువడేనాటికి ఆ ఊరు అలా లేదు. 1746 సెప్టెంబరులో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకుని కోట పక్కనున్న నల్లవాళ్ల పేట ఇళ్లను పడగొట్టారు. 1749లో ఊరు తిరిగి చేతికొచ్చాక ఇంగ్లీషువాళ్లు మిగిలిన వాటినీ కొట్టేసి ఖాళీ మైదానం చేశారు. కోట పక్కన షుల్జ్ తిరిగిన ఆ పేట వీధులు మిగల్లేదు. ఆయన 1760లో హాలేలోనే చనిపోయాడు.

జర్మనీలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఒక మాట. లైప్‌జిగ్ నుంచి హాలేకు రైల్లో అరగంట ప్రయాణం. షుల్జ్ చివరి రోజులు గడిపిన ఫ్రాంకే సంస్థల భవనాలు ఇంకా నిలిచి ఉన్నాయి, ఆ మిషన్ కాగితాలు అక్కడి భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. ఈసారి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లిరండి.