అపోహలు – వాస్తవాలు: అంకె లేని ‘జె’తో బిగుసుకుపోయే ల్యాప్‌టాప్‌లు

దువ్వూరు నుంచి ప్రొద్దుటూరుకో పులివెందులకో ఇంజినీరింగ్ చదవడానికి వెళ్లే బిడ్డకు అప్పు చేసి ల్యాప్‌టాప్ కొనిచ్చే ఇళ్లున్నాయి. ప్రాజెక్టు బిల్డ్ మధ్యలో ఆ ల్యాప్‌టాప్ బిగుసుకుపోతే నింద ర్యామ్ మీదో, కంపైలర్ మీదో పడుతుంది. అసలు కారణం చాలాసార్లు సీనియర్లు చెప్పిపోయిన ఒక్క మాట: “మేక్‌ఫ్లాగ్స్‌లో హైఫన్ జె పెట్టి వదిలెయ్‌రా, ఎన్ని కోర్లున్నాయో మేకే చూసుకుంటుంది.”

చూసుకోదు. గ్నూ మేక్ అనే బిల్డ్ సాధనంలో జె అంటే ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పే ఆప్షన్. దాని పక్కన అంకె లేకపోతే హద్దు లేదనే అర్థం. ఒకదానిమీద ఒకటి ఆధారపడని ఫైళ్లు 200 ఉంటే 200 కంపైలర్లూ ఒక్కసారే లేస్తాయి. టెంప్లేట్లు దట్టంగా వాడిన సీ ప్లస్ ప్లస్ ఫైలు ఒక్కటే 1 జీబీ దాటి మెమరీ తినగలదు. 8 జీబీ యంత్రం ఎంతసేపు తట్టుకుంటుంది? మొదట స్వాప్ నిండుతుంది, మౌస్ కదలదు. చివరికి లినక్స్ కెర్నెలే కంపైలర్‌ను చంపేస్తుంది, తెర మీద ‘కిల్డ్’ అని పడుతుంది. దాన్ని చూసి ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కించుకుంటే లాభమేముంది? ఆ అంకె లేని జె అలాగే ఉంటే ఫలితమూ అదే.

కోర్లు మేకే చూసుకుంటుందనే నమ్మకం ఊరికే పుట్టలేదు. నింజా, రస్ట్ వాళ్ల కార్గో లాంటి బిల్డ్ సాధనాలు కోర్లు లెక్కపెట్టుకున్నాకే పని మొదలుపెడతాయి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్ వేరే కాలంది. దాని వారసుడైన గ్నూ మేక్ ఏమీ చెప్పకపోతే ఇప్పటికీ ఒక్కో పనే చేస్తుంది.

“జె పెడితే బిల్డ్ చెడిపోతుంది” అనే వాళ్ల మాటలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో మేక్‌ఫైల్‌లో సరిగా రాయకపోతే, వరుసగా చేసినప్పుడు దాగిన తప్పు సమాంతరంగా చేసినప్పుడు బయటపడుతుంది. అయితే దిద్దాల్సింది మేక్‌ఫైల్‌ను.

మేక్ గురించిన మిగతా అపోహలు ఒక్క మాటలో తేలేవే. ఏ టార్గెటూ చెప్పకపోతే మేక్ ‘ఆల్’ను వెతకదు, ఫైల్లో ముందున్న టార్గెట్‌ను తీసుకుంటుంది. మేక్‌ఫైల్‌లో ఇచ్చిన వేరియబుల్ విలువ శిలాశాసనం కాదు. ‘ఓవర్‌రైడ్’ అని రాసి ఉంటే తప్ప కమాండ్ లైన్‌లో ఇచ్చిందే నెగ్గుతుంది. మేక్‌ఫైళ్లు పుట్టించే సీమేక్‌కు బిల్డ్ టైప్ చెప్పకపోతే రిలీజ్ రాదు, ఆప్టిమైజేషన్ ఫ్లాగులే ఉండవు.

ఇక చేయాల్సింది. జె పక్కన అంకె పెట్టండి: కోర్ల సంఖ్య, ర్యామ్‌ను జీబీల్లో రెండుతో భాగిస్తే వచ్చేది, ఈ రెండిట్లో చిన్నది. 8 కోర్లూ 8 జీబీ ఉంటే 4 చాలు. ఆ అంకె మీ యంత్రానికి సంబంధించింది కాబట్టి మీ షెల్ సెట్టింగుల్లో మేక్‌ఫ్లాగ్స్‌గా ఉండాలి. సీమేక్ ద్వారా బిల్డ్ చేసేవాళ్లకు 3.12 వెర్షన్ నుంచి ఇందుకోసమే ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. జూనియర్లకు ప్రాజెక్టు అందించే ముందు, మేక్‌ఫైల్‌లో మేక్‌ఫ్లాగ్స్‌కు జె పెట్టిన వరుస ఉంటే, దయచేసి దాన్ని తీసేసి ఇవ్వండి.