అప్రయత్న లేఖనము

పొందూరులో నూలు వడకు స్త్రీలను చూచితిరా? వారు వాలుగ చేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, రాట్నము ముందు కూర్చుందురు. నూరవ నంబరు నూలు వెండ్రుకవలె సన్నముగా సాగును. మాట పొరుగామెతో; వ్రేళ్లు మాత్రము తమ పని తాము చేయుచుండును. ‘ఇప్పుడెంత దూది విడువవలెను?’ అని ప్రతి క్షణమును లెక్కించువారికి ఆ దారము రాదు.

ఇట్లే కలము కూడ మనసు అదుపు లేకయే సాగునా? ఫ్రాన్సు దేశమున ఆంద్రే బ్రెతాన్ అను యువకవి దీనిని పరీక్షించెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున అతడు వైద్యవిద్యార్థి. మతి చెదరిన సైనికులకు పరిచర్య చేయుచు, పొంతనలేని వారి మాటలలో అపూర్వములైన భావచిత్రములు దొరలుట గమనించెను. 1919లో ఫిలిప్ సూపో అను మిత్రునితో కూడి, ముందేమియు తలపోయక, దిద్దక, అతివేగముగా పుటలు నింపెను. వేగమెందుకు? ‘ఇది తప్పు, ఇది నవ్వులపాలు’ అని మనలో కూర్చుండి అడ్డుపడు విమర్శకుడు ఒకడు కలడు. వానికి అందకుండ పరుగెత్తుటకు. ఆ వ్రాత 1920లో ‘అయస్కాంత క్షేత్రములు’ అను అర్థము గల పేరుతో గ్రంథమయ్యెను. 1924లో వెలువడిన అధివాస్తవికతా ప్రకటనలో ఈ పద్ధతికే అగ్రపీఠము దక్కెను. మన విజయనగరమున శ్రీరంగం నారాయణబాబు అధివాస్తవికతను ఆదరించిన కవి. అయినను, వచ్చినదానిలో మెరుపులతోపాటు పొట్టును ఎక్కువే. 1933లో బ్రెతానే ఈ లేఖన చరిత్రను ఎడతెగని దురదృష్టముగా వర్ణించెను.

కొందరు మన ఆశుకవిత్వమును దీనితో జత కట్టుదురు. అది పొరపాటు. తిరుపతి వేంకట కవుల అవధానములను తలచుకొనుడు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరమక్షరమునకు అడ్డు చెప్పుచుండును. కవి వెంటనే వేరొక త్రోవ వెదకును. అచ్చట అదుపు సడలలేదు, ఇనుమడించినది! గణములు, యతిప్రాసలు ఏండ్ల సాధనచే పొందూరు వ్రేళ్లవలె తమంత తాము నడచుటచేత, మనసు అర్థముపై నిలువగలిగినది. నాకైతే ఇదియే ఎక్కువ అబ్బురము.

బ్రెతాన్ పద్ధతిని మీరును ఒకసారి చేసి చూడుడు. పది నిమిషములు కలమెత్తక వ్రాసి, కాగితము మడచి, మరునాడు చదువుడు. ఎక్కడనో ఆకాశమునుండి ఊడిపడిన మాటలు కనబడవు. అమ్మమ్మ సామెతయో, బడిలో వల్లించిన పద్యపు తునుకయో కనబడును. పొందూరు పిల్లవాని కాగితమున రాట్నపు చప్పుడు వినబడకపోదు.