ఫ్యాక్టరీ తెర వేరు, ఇంటి తెర వేరు

పారిశ్రామిక డిస్‌ప్లే ప్యానెల్ కూడా ఇంట్లో ఉండే మానిటర్ లాంటి ఎల్‌సీడీ తెరే. రెండింట్లోనూ ద్రవ స్ఫటికాల పొర, దాని వెనక ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ ఉంటాయి. అయితే ఫ్యాక్టరీ తెరను బొమ్మ అందం కంటే ఎండ, దుమ్ము, అదురు తట్టుకోవడం కోసమే తయారు చేస్తారు.

ఉత్తర తెలంగాణలో ఇవన్నీ ఉండే చోట్లకు కొదవ లేదు. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం, 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం, జైపూర్‌లో సింగరేణి థర్మల్ కేంద్రం, గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గు గనులు ఉన్నాయి. వీటిలో పని రాత్రింబవళ్లు సాగుతుంది.

మొదటి పరీక్ష వేడి. ఇక్కడ మే నెలలో నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండకు కాగిన డంపర్ క్యాబిన్‌లో అంతకంటే ఎక్కువే. మామూలు మానిటర్లను సాధారణంగా 40 డిగ్రీల వరకే వాడాలి. పారిశ్రామిక రకాలు చాలావరకు మైనస్ 20 నుంచి 70 డిగ్రీల దాకా పనిచేస్తాయి. హద్దు మీరి వేడెక్కితే ద్రవ స్ఫటికాల అమరిక చెదిరి, ఆ మేరకు తెర నల్లబడుతుంది. చల్లారాక మళ్లీ తేరుకుంటుంది. గడ్డకట్టే చలిలో స్ఫటికాలు మందగించి, అంకెలు ఆలస్యంగా మారతాయి.

రెండోది వెలుగు. ఆఫీసు మానిటర్ ప్రకాశం సుమారు 250 నుంచి 350 నిట్లు. ఓపెన్‌కాస్ట్ గని ఎండలో అంకెలు కనబడాలంటే 1,000 నిట్లయినా కావాలి. కొత్త ఫోన్లూ అంత వెలుగిస్తాయి గానీ, వేడెక్కగానే తగ్గించేసుకుంటాయి. పారిశ్రామిక తెర షిఫ్టంతా అదే వెలుగు నిలపాలి. కొన్నింటిలో పై గాజుకూ ప్యానెల్‌కూ మధ్య సందును పారదర్శకమైన జిగురుతో నింపుతారు. దాంతో ప్రతిబింబాలు తగ్గుతాయి, లోపల తేమ చేరదు.

ఇక బొగ్గు దుమ్ము. ఐపీ65 అని రాసి ఉంటే, 6 అంకె ధూళి చొరబడదని, 5 అంకె నీటి ధారను తట్టుకుంటుందని చెబుతాయి. చాలా ప్యానెళ్లలో ఈ రక్షణ ముందు వైపుకే పరిమితం. వెనక భాగం పెట్టెలో ఉండాల్సిందే. ఫ్యాన్ ఉంటే దుమ్మును లోపలికి లాగుతుంది కాబట్టి, చాలా రకాల్లో అల్యూమినియం వీపు ద్వారానే వేడి బయటికి పోతుంది. మందపాటి గ్లౌజులతో నొక్కినా పనిచేసేలా ఒత్తిడిని గుర్తించే టచ్ పెడతారు. అదురుకు ఊడకుండా కేబుళ్లకు లాకులుంటాయి.

భూగర్భ గనుల్లో ఇదీ చాలదు. మీథేన్ వాయువు పేరుకునే చోట చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదమే. అక్కడ మంట బయటికి రానివ్వని పెట్టెలో అమర్చడం వంటి రక్షణ ఉన్న, గనుల భద్రతా విభాగం ఆమోదించిన పరికరాలే వాడాలి.

ఆయుష్షు లెక్కా వేరు. 50,000 గంటల బ్యాక్‌లైట్ రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే 17 ఏళ్లు, ఆపకుండా వెలిగితే ఆరేళ్ల లోపే వస్తుంది. తెర మార్చాల్సి వచ్చినప్పుడు స్టీలు పలకకు కోసిన రంధ్రంలో సరిగ్గా పట్టేది దొరకాలి. ఇంటి మోడళ్లు ఏడాది రెండేళ్లకే మారిపోతాయి. పారిశ్రామిక తయారీదారులు ఒకే కొలత తెరను చాలా ఏళ్లు సరఫరా చేస్తారు.

వీటన్నిటి వల్ల ధర కొన్ని రెట్లు పెరుగుతుంది. అందుకే ఏసీ ఉన్న కంట్రోల్ రూముకు నాణ్యమైన మామూలు మానిటర్లు సరిపోవచ్చు. కన్వేయర్ పక్కన, క్రషర్ దగ్గర, డంపర్‌లో మాత్రం పారిశ్రామిక ప్యానెలే పెట్టాలి.